ఆహార యాప్‌లో కిలోజౌళ్ల నుంచి క్యాలరీలకు మారితే లెక్కలు ఎందుకు చెదిరిపోతాయి?

నమస్కారం. తర్వాత చదివేవారికి కూడా పనికొస్తుంది కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ మీరు యాప్‌లో భోజనం లెక్క క్యాలరీల్లోనే రాసుకున్నారు. ఉద్యోగం మీద మెల్‌బోర్న్ వెళ్లి, కొత్త ఫోనులో యాప్ వేసుకోగానే అంతా కిలోజౌళ్లలో కనబడింది. కొన్నాళ్లు అలాగే సర్దుకుని, ఈ మధ్య సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ కిలో క్యాలరీలకు (తిండి విషయంలో మనం మామూలుగా క్యాలరీ అనేది ఇదే) మార్చారు. అప్పటి నుంచి దుకాణంలో కొన్న పొట్లాల లెక్కలు సరిగానే ఉన్నాయి గానీ, మీరు సొంతంగా దాచుకున్న పప్పు, పులిహోర, ఇడ్లీల లెక్కలు తలకిందులయ్యాయి. రోజువారీ లక్ష్యం మాత్రం 8700 దగ్గరే ఉండిపోయి, రాత్రి భోజనం అయ్యాక కూడా ఇంకా ఆరు వేల పైచిలుకు తినవచ్చని చెబుతోంది. పాత లెక్కలన్నీ పోయినట్టేనా, ఒక కిలో క్యాలరీ 4.184 కిలోజౌళ్లు కాబట్టి 4.184తో భాగిస్తే సరిపోతుందా, లేబుల్ మీద రెండు అంకెలూ ఒకదానికొకటి ఎందుకు పొసగవు, త్వరలో రాబోతున్న మీ అమ్మగారికి, అందులోనూ ఆవిడకు షుగర్ ఉంది కాబట్టి, ఏ ప్రమాణం పెట్టాలి అని అడిగారు.

నేను డైటీషియన్‌ని. మొదట హైదరాబాద్‌లో, ఇప్పుడు ఆస్ట్రేలియాలో పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారి ఆహార డైరీలు చదవడం నా పనిలో పెద్ద భాగం. అందుకే ఈ తారుమారు నాకు కొత్త కాదు. భారతదేశం నుంచి వచ్చినవారి డైరీల్లో ఇది తరచూ కనబడుతుంది.

మొదట ధైర్యం చెప్పే మాట. ప్రమాణం మార్చడం వల్ల మీరు తిన్నది గాని, సరిగా నమోదైన పాత వివరాలు గాని మారవు. బంగారాన్ని తులాల్లో చెప్పినా గ్రాముల్లో చెప్పినా హారం బరువు అదే కదా. సరిగా రాసిన యాప్ లోపల ఏదో ఒక ప్రమాణంలోనే అన్నీ దాచుకుని, తెర మీద చూపించేటప్పుడు మాత్రం గుణించో భాగించో చూపిస్తుంది. మీ పొట్లాల లెక్కలు చెదరలేదంటే మీ యాప్ కనీసం ఆ పనైనా సరిగా చేస్తున్నట్టే. కాబట్టి చిక్కు సెట్టింగులో కాదు, సెట్టింగు ఒక రకంగా ఉన్నప్పుడు చేత్తో మరో రకం అంకె ఎక్కించిన చోట ఉంది. లేదా మీరు ఎక్కించిన అంకెకు యాప్ ప్రమాణం తగిలించకుండా దాచుకున్న చోట ఉంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో తేల్చుకోకుండా దిద్దడం మొదలుపెడితే తప్పులు రెట్టింపవుతాయి.

తేల్చుకోవడం సులువే. మీరు సొంతంగా దాచుకున్న ఒక వంటకం తెరిచి దాని శక్తి విలువ కాగితం మీద రాసుకోండి. సెట్టింగుల్లో కిలోజౌళ్లకు మార్చి, అదే వంటకం మళ్లీ తెరవండి. అంకె నాలుగింతలకు కొంచెం ఎక్కువై కనబడితే యాప్ మార్పిడి చేస్తోందని అర్థం. అప్పుడు తప్పు ఎక్కించేటప్పుడే జరిగింది. అంకె అలాగే ఉండి, పక్కనున్న ప్రమాణం పేరు మాత్రమే మారితే యాప్ ఉత్త అంకెను దాచుకుంది. అలాంటి యాప్‌లో ఒక ప్రమాణం నిర్ణయించుకున్నాక మళ్లీ దాని జోలికి పోకూడదు. నిజానికి అలాంటి యాప్‌ను వదిలేయమని చెబుతాను, కానీ ఏళ్ల తరబడి రాసుకున్న డైరీని వదలడం ఎవరికైనా కష్టమే.

రోజువారీ లక్ష్యానికీ ఇదే పరీక్ష చేయండి. మీ 8700 ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆస్ట్రేలియాలో సగటు వయోజనుడి రోజువారీ శక్తి అవసరానికి కొలమానంగా వాడే అంకె 8700 కిలోజౌళ్లు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2018 మే నుంచి పెద్ద గొలుసు హోటళ్ల మెనూ బోర్డుల మీద ప్రతి పదార్థం పక్కన కిలోజౌళ్లు రాయాలి, ఈ 8700 మాట కూడా కనబడాలి. మీరు బర్గర్ దుకాణంలోనో కాఫీ దుకాణంలోనో చూసే ఉంటారు. యాప్ కిలోజౌళ్లలో ఉన్నప్పుడు ఆ అంకెను మీరు పెట్టారో, యాప్ పెట్టిందో గానీ, ప్రమాణం మారినప్పుడు అది 2079 కావాల్సింది. కాలేదు. అంటే లక్ష్యం పెట్టెలో ఉన్నది ఉత్త అంకె. అంకె నమ్మలేనంత పెద్దదిగా ఉంది కాబట్టి వెంటనే కళ్లకు కనబడింది. దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. క్యాలరీల్లో 2000 అని పెట్టుకున్నవారు కిలోజౌళ్లకు మారితే, లక్ష్యం 2000 కిలోజౌళ్లుగా మిగిలిపోతుంది. అది కేవలం 478 కిలో క్యాలరీలు. ఉదయం టిఫిన్ అయ్యేసరికే యాప్ ఎర్రగా మారుతుంది. బరువు తగ్గాలన్న పట్టుదల ఉన్నవారు ఆ ఎరుపును నమ్మి మధ్యాహ్న భోజనం మానేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లక్ష్యాన్ని ఇప్పుడే చేత్తో దిద్దండి. ఇంకో మాట, 8700 అనేది సగటు మాత్రమే, మీకోసం లెక్కకట్టింది కాదు. మీ ఎత్తు, బరువు, వయసు, పనిని బట్టి మీ అంకె వేరుగా ఉంటుంది.

సెట్టింగు ఎక్కడుంటుందన్న దాని గురించి ఎక్కువ చెప్పను. మైఫిట్‌నెస్‌పాల్, క్రోనోమీటర్ లాంటి యాప్‌లలో ప్రమాణాలు ఎంచుకునే చోట బరువు, ఎత్తులతో పాటు శక్తికి కూడా ఎంపిక ఉంటుంది. ఐఫోన్ వాడేవారికి ఫిట్‌నెస్ యాప్‌లో తమ ఫొటో నొక్కితే ప్రమాణాల వరుస దొరుకుతుంది. మెనూల అమరిక ప్రతి కొత్త వెర్షన్‌కూ మారుతూనే ఉంటుంది కాబట్టి సెట్టింగుల వెతుకుడు పెట్టెలో ప్రమాణం అని కొట్టడం మేలు. ఎంపికల్లో కొన్నిచోట్ల క్యాలరీ, కిలో క్యాలరీ అని రెండూ కనబడి తికమక పెడతాయి. ఆహారం విషయంలో జనం క్యాలరీ అన్నా, అమెరికా పొట్లం మీద క్యాలరీ అని ముద్రించినా, అది కిలో క్యాలరీయే. భౌతికశాస్త్రం పుస్తకంలో ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేసే చిన్న క్యాలరీ వేరు. ఆరోగ్య యాప్‌లలో దాని అవసరం మీకు రాదు.

ఇక మీ పప్పు, పులిహోరల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది.

ఒక పదార్థం శక్తి అంకె తప్పో ఒప్పో తేల్చడానికి ఇంకో పట్టిక అక్కర్లేదు. అదే పదార్థం పక్కన రాసిన మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థాలు చాలు. ఇవి గ్రాముల్లో ఉంటాయి, ఏ దేశంలోనైనా గ్రాము గ్రామే. ఒక గ్రాము మాంసకృత్తులకు 4, పిండిపదార్థాలకు 4, కొవ్వుకు 9 కిలో క్యాలరీలు వేసి కూడండి. కిలోజౌళ్లలో కావాలంటే అవే 17, 17, 37. ఉదాహరణకు మీరు దాచుకున్న గిన్నెడు పప్పులో మాంసకృత్తులు 9 గ్రాములు, కొవ్వు 5, పిండిపదార్థాలు 22 అని ఉన్నాయనుకుందాం. 36, 45, 88 కలిపితే 169 కిలో క్యాలరీలు. కిలోజౌళ్లలో 153, 185, 374 కలిపి 712. ఇప్పుడు యాప్ ఆ గిన్నెకు 712 కిలో క్యాలరీలు చూపిస్తే, కిలోజౌళ్ల అంకెను క్యాలరీల పెట్టెలో వేశారని అర్థం. 40 కిలో క్యాలరీలు చూపిస్తే దానికి తిరగబడింది జరిగింది. అంటే 169 క్యాలరీలను కిలోజౌళ్ల పెట్టెలో ఎక్కించారు, యాప్ దాన్ని బుద్ధిగా నాలుగోవంతు చేసింది. ఈ రెండో తప్పును పట్టుకోవడమే కష్టం. మొదటిది చూడగానే కళ్లు పెద్దవవుతాయి. రెండోది రోజు మొత్తాన్ని చిన్నదిగా, ముచ్చటగా చూపిస్తుంది. డైరీ ప్రకారం మితంగా తింటున్నా బరువు ఎందుకు తగ్గడం లేదని అడిగేవారి డైరీలో నేను ముందుగా ఇలాంటి పదార్థాల కోసమే వెతుకుతాను.

ఇంకో గట్టి హద్దు ఉంది. తినే పదార్థం ఏదైనా వంద గ్రాములకు 900 కిలో క్యాలరీలు దాటదు, ఎందుకంటే అది స్వచ్ఛమైన నూనె విలువ. కిలోజౌళ్లలో ఆ హద్దు 3700. మీ యాప్‌లో చేగోడీలో మిక్చరో వంద గ్రాములకు 2200 కిలో క్యాలరీలని కనబడితే ఆలోచించాల్సిన పనే లేదు, ప్రమాణం తప్పింది. కాకపోతే ఈ హద్దు బరువైన పదార్థాలనే పట్టుకుంటుంది. పెరుగు, కూరగాయలు, మజ్జిగ లాంటివి నాలుగింతలైనా 900 లోపే ఉండిపోతాయి. వాటికి గ్రాముల లెక్కే శరణ్యం.

ఈ గ్రాముల లెక్క కాస్త అటూ ఇటూ తప్పినా కంగారు పడకండి. పీచుకు గ్రాముకు 2 కిలో క్యాలరీలు, మద్యానికి 7 పడతాయి. మద్యం గ్రాములు చాలా యాప్‌లలో ఈ మూడు వరుసల్లో కనబడవు కాబట్టి బీరు లెక్క ఎప్పుడూ కుదరదు. చక్కెర లేని మిఠాయిల్లో వాడే పాలియోల్ రకం తీపి పదార్థాలకు యూరప్ నిబంధనల్లో 2.4 వేస్తారు, 4 కాదు. ఇలాంటి కారణాలతో పదీ పదిహేను శాతం తేడా రావచ్చు. మీరు వెతుకుతున్నది నాలుగింతల తేడాను. ఆ రెండింటికీ మధ్య ఎంతో దూరం ఉంది కాబట్టి పొరబడే అవకాశం లేదు.

ఒక్క రకం పదార్థాలకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. తొందరలో ఉన్నప్పుడు శక్తి అంకె ఒక్కటే కొట్టి, గ్రాములేవీ రాయకుండా దాచుకునేవి. పెళ్లి భోజనం 1200, ఆఫీసు విందు 900 అంటూ రాసుకుంటాం చూడండి, అవి. వాటిని ఏ ప్రమాణంలో రాశారో యాప్‌కూ తెలియదు, కొన్ని నెలలు పోతే మీకూ గుర్తుండదు. మెల్‌బోర్న్ వెళ్లిన తర్వాతి రోజుల్లో అలాంటివి ఉంటే తీసేయండి. సగటు చెడగొట్టడం తప్ప అవి చేసే మేలు లేదు.

దిద్దే క్రమంలో నేను పాత డైరీ జోలికి పోవద్దంటాను. దాచుకున్న వంటకాలను, అంటే ఇకముందు మళ్లీ మళ్లీ వాడబోయే వాటిని మాత్రమే దిద్దండి. కొన్ని యాప్‌లలో వంటకాన్ని దిద్దితే గతంలో రాసిన రోజులు మారవు, కొన్నింటిలో మారతాయి. ఏదైనా సరే, గడిచిపోయిన మంగళవారం నాటి పులిహోరను సరిచేయడానికి ఆదివారం పాడుచేసుకోనక్కర్లేదు. వంటకాన్ని శక్తి అంకెతో కాకుండా దినుసులతో కట్టుకోవడం అన్నిటికన్నా మేలు. బియ్యం ఇన్ని గ్రాములు, కందిపప్పు ఇన్ని, నూనె ఇన్ని అని ఎక్కిస్తే శక్తి లెక్క యాప్ చూసుకుంటుంది, ప్రమాణం మార్చినా చెదరదు.

దినుసుల విలువలు ఎక్కడి నుంచి తీసుకోవాలనేదాంట్లో ఒక మలుపు ఉంది. మీ వంటకాలు చెడిపోవడానికి అది కూడా కారణం కావచ్చు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలో శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది. మన పొట్లాల మీద కిలో క్యాలరీలు చూసి చూసి, మన దేశపు పట్టిక కూడా అందులోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. మర పట్టిన పచ్చి బియ్యానికి అందులో వంద గ్రాములకు 1491 ఉంటుంది. అది కిలోజౌళ్లు, అంటే దాదాపు 356 కిలో క్యాలరీలు. ఆ పట్టికలోనే మాంసకృత్తులు 7.94, కొవ్వు 0.52, పిండిపదార్థాలు 78.24 గ్రాములు ఉన్నాయి. 17, 37, 17తో గుణించి కూడితే 1484 వస్తుంది, పీచు వదిలేసినా. గ్రాముల పరీక్ష ఎంత దగ్గరగా పడుతుందో చూడండి. అదే సంస్థ నుంచి వచ్చిన పాత పట్టికలో పచ్చి బియ్యానికి 345 కిలో క్యాలరీలని ఉండేది. 345కూ 356కూ మధ్య తేడా ప్రమాణం వల్ల వచ్చింది కాదు. కొత్తగా తీసిన నమూనాలు, కొత్త పరీక్షలు. ఇంటర్నెట్‌లో తెలుగు వంటల విలువలిచ్చే పేజీలు కొన్ని పాత పట్టిక నుంచి, కొన్ని కొత్త పట్టిక నుంచి ఎత్తి రాస్తాయి, ఏది ఎక్కడిదో చెప్పవు. నాలుగంకెల విలువ కనబడితే అది కిలోజౌళ్లని, పచ్చి దినుసుదని తెలుసుకుని వాడండి. వండిన అన్నం బరువుకు పచ్చి బియ్యం విలువ వేయడం ఇంకో పెద్ద తప్పు, అది సెట్టింగులతో సంబంధం లేనిది. అన్నం నీళ్లు పీల్చుకుని మూడింతల దాకా బరువెక్కుతుంది.

మెల్‌బోర్న్‌లో మన సరుకుల దుకాణాల్లో కొన్న పొట్లాలతో ఇంకో తిరకాసు ఉంటుంది. భారతదేశంలో ముద్రించిన పొట్లం మీద మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం శక్తి కిలో క్యాలరీల్లో ఉంటుంది. ఆస్ట్రేలియాలో అమ్మాలంటే అక్కడి పద్ధతిలో కిలోజౌళ్లతో పోషక పట్టిక కావాలి కాబట్టి దిగుమతిదారులు వెనక ఒక స్టిక్కర్ అంటిస్తారు. ఒకే పొట్లం మీద రెండు పట్టికలు, రెండు ప్రమాణాలు. పైగా ఆస్ట్రేలియా పట్టికలో రెండు నిలువు వరుసలుంటాయి, ఒకటి ఒక విడతకు, రెండోది వంద గ్రాములకు. యాప్ అడిగేది ఒకటి, మన కన్ను పడేది ఇంకొకటి. బార్‌కోడ్ చూపించి తెచ్చుకున్న వివరాలు కూడా కొన్నిచోట్ల వాడకందారులే ఎక్కించినవి. ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ అనే స్వచ్ఛంద సమాచార నిధి ఇలా నడిచేదే. అందులో కిలోజౌళ్లకూ కిలో క్యాలరీలకూ విడివిడిగా గళ్లున్నా, మనుషులు ఒక గడిలో ఇంకోటి నింపడం జరుగుతుంది. బార్‌కోడ్ వచ్చింది కాబట్టి అంకె సరైనదే అనుకోకండి. మొదటిసారి వాడేటప్పుడు ఒకసారి గ్రాముల లెక్క వేసి చూస్తే చాలు, తర్వాత అదే దాచి ఉంటుంది.

లేబుల్ మీద రెండు అంకెలూ ఎందుకు పొసగవన్న మీ అనుమానం మంచిది. మీరు 4.184తో భాగిస్తే లేబుల్ చెప్పిన క్యాలరీలు రావడం లేదన్నారు, నిజమే. ఒక కిలో క్యాలరీ 4.184 కిలోజౌళ్లని చెప్పడంలో తప్పు లేదు. కానీ లేబుల్ తయారుచేసేవారు ఒక అంకె కట్టి దాన్ని ఇంకో ప్రమాణంలోకి మార్చరు. కిలోజౌళ్లకు ఒక లెక్క, క్యాలరీలకు వేరే లెక్క వేస్తారు. రెండింటికీ గుండు సంఖ్యలు వాడతారు. మాంసకృత్తులకు, పిండిపదార్థాలకు 17కూ 4కూ మధ్య నిష్పత్తి 4.25. కొవ్వుకు 37కూ 9కూ మధ్య 4.11. అందుకే వంద గ్రాముల చక్కెర కిలోజౌళ్లలో 1700, దాన్ని 4.184తో భాగిస్తే 406, కానీ లేబుల్ మీద 400 ఉంటుంది. నూనె 3700, భాగిస్తే 884, లేబుల్ మీద 900. ఒకటి పైకి, ఒకటి కిందకు. కొవ్వు, పిండిపదార్థాలు కలిసిన మామూలు ఆహారంలో ఈ రెండు తేడాలూ ఒకదాన్నొకటి దాదాపు చెరిపేస్తాయి. 3.3 గ్రాముల మాంసకృత్తులు, 3.4 కొవ్వు, 4.8 పిండిపదార్థాలున్న పాలకు లెక్కవేస్తే 263.5 కిలోజౌళ్లు, 63 కిలో క్యాలరీలు వస్తాయి. 263.5ను 4.184తో భాగించి చూడండి, మళ్లీ 63 దగ్గరే తేలుతుంది. యూరప్‌లో 2011 నాటి 1169వ నిబంధన ప్రకారం రెండు ప్రమాణాలూ లేబుల్ మీద ఉండాలి, అక్కడ రోజు మొత్తానికి చెప్పే జంట 8400 కిలోజౌళ్లు, 2000 కిలో క్యాలరీలు. అది 4.2 నిష్పత్తి. ఈ తేడాల వెంట పడి యాప్‌కు ఫిర్యాదు రాసేవారున్నారు. నేను రాయను. గరిటెతో నెయ్యి వడ్డించుకునే ఇంట్లో ఒకటిన్నర శాతం తేడా ఎవరికి కావాలి?

మనసులో లెక్కకు మాత్రం ఒక గుర్తు పెట్టుకోండి. వెయ్యి కిలోజౌళ్లు దాదాపు 240 కిలో క్యాలరీలు. మెనూ బోర్డు మీద 2900 కనబడితే ఏడు వందలని వెంటనే తడుతుంది. టీస్పూను నూనె 185 కిలోజౌళ్లు, టీస్పూను చక్కెర 85 అని రెండు తెలిసి ఉంటే మిగతావి వాటితో పోల్చుకోవచ్చు.

ఇంత గందరగోళం ఎందుకని మీరు విసుక్కోవడం సహజం. క్యాలరీ అనే మాటను 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో నికొలా క్లెమాన్ ఆవిరి యంత్రాల పాఠాల్లో వాడాడు. ఆ శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ దాన్ని భోజనం బల్ల మీదకు తెచ్చాడు. మనం వాడే 4, 9, 4 ఆయన పనిలోంచి వచ్చినవే. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ వేడికి కూడా జౌల్‌నే ప్రమాణంగా తీసుకుంది. 1970లో మెట్రిక్ చట్టం చేసుకున్న ఆస్ట్రేలియా దాన్ని తు.చ. తప్పకుండా పాటించి కిలోజౌళ్లకు వెళ్లింది. భారతదేశం బరువుల్లో, కొలతల్లో మెట్రిక్ అయినా తిండి దగ్గర మాత్రం క్యాలరీని వదల్లేదు. సైన్సు జౌల్ వైపు, నాలుక క్యాలరీ వైపు. ఈ పోటీలో ఎవరు గెలుస్తారన్నది నాకు అంత ముఖ్యం కాదు గానీ, ఒక దేశంలో ఉంటూ ఇంకో దేశపు ప్రమాణంలో రోజుకు పదిసార్లు మనసులో మార్పిడి చేసుకోవడం మాత్రం తప్పులకు పుట్టిల్లు.

అందుకే మీరు ఏది పెట్టుకోవాలని అడిగితే, కిలోజౌళ్లే అంటాను. మీరు ఎదురుచూసిన జవాబు ఇది కాకపోవచ్చు. మీరు రోజూ కొనే పాలు, బ్రెడ్డు, పెరుగు, ఓట్లు అన్నిటి మీదా కిలోజౌళ్లు. బయట తింటే మెనూ బోర్డు మీద కిలోజౌళ్లు. హైదరాబాద్ సంస్థ పట్టిక కూడా కిలోజౌళ్లే. లేబుల్ మీద ఉన్న అంకెను ఉన్నట్టుగా పెట్టెలో కొట్టగలగాలి, మధ్యలో కాలిక్యులేటర్ రాకూడదు. నెల తిరిగేసరికి 8700 మీకు 2000 ఎంత మామూలో అంత మామూలవుతుంది. ఏడాదిలోపు హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయేవారైతే క్యాలరీల్లోనే ఉండండి, అలవాటు చెడగొట్టుకోవద్దు. ఏది ఎంచుకున్నా పై పరీక్ష చేసి, వంటకాలు దిద్దుకున్నాక ఒకే ఒక్కసారి మార్చండి.

చేతి గడియారాన్ని యాప్‌కు కలిపి ఉంటే దాని ప్రమాణం వేరుగా ఉన్నా ఫరవాలేదు. ఐఫోన్‌లోని హెల్త్ గాని, ఆండ్రాయిడ్‌లోని హెల్త్ కనెక్ట్ గాని ప్రతి శక్తి విలువను ప్రమాణంతో పాటే దాచుకుంటాయి, తీసుకునే యాప్ తనకు కావలసిన దాంట్లోకి మార్చుకుంటుంది. అయినా నడక లెక్క ఎప్పుడైనా మరీ ఘనంగా కనబడితే గడియారంలో ఉన్న అంకెతో పోల్చి చూడండి. డైరీని ఫైలుగా దించుకుని ఇక్కడి డైటీషియన్‌కో హైదరాబాద్ డాక్టరుగారికో పంపేటప్పుడు మాత్రం ఏ ప్రమాణమో పైన చేత్తో రాయండి. దించుకున్న పట్టికల్లో చాలాసార్లు శక్తి అని మాత్రమే ఉంటుంది, చదివేవారికి ఆ అంకె దేనిదో తెలియదు.

మీ అమ్మగారి విషయం వేరు. ఆవిడ ఖాతాను మీ ఖాతాతో కలపకండి, విడిగా తెరవండి, కిలో క్యాలరీల్లోనే ఉంచండి. ఆవిడ దగ్గర ఉన్న ఆహార పట్టిక హైదరాబాద్‌లో ఇచ్చింది అయితే అందులో 1500 క్యాలరీలు అనో ఇంకొకటనో ఉంటుంది. 1500 అంటే 6276 కిలోజౌళ్లు, ఆ అంకె ఆవిడకు భయం తప్ప ఏమీ ఇవ్వదు. మెల్‌బోర్న్‌లో ఉండే కొద్ది నెలల కోసం ఆవిడ అలవాటు మార్చడం అనవసరం. షుగర్‌కు సంబంధించి ఆవిడ చూసుకోవాల్సిన ముఖ్యమైన అంకె పిండిపదార్థాల గ్రాములు, దాన్ని ఈ సెట్టింగు ఏమీ చేయదు.

అసలు జాగ్రత్త పడాల్సిన ప్రమాణం ఇంకొకటి ఉంది. రక్తంలో చక్కెరను మన దేశంలో డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు, ఆస్ట్రేలియాలో లీటరుకు మిల్లీమోల్స్‌లో. లీటరుకు ఒక మిల్లీమోల్ అంటే డెసిలీటరుకు 18 మిల్లీగ్రాములు. ఆస్ట్రేలియా మీటరు 7 అని చూపిస్తే అది మన దేశపు లెక్కలో 126. 10 అంటే 180. ఆవిడ తన మీటరు తెచ్చుకుంటే అదే వాడమనండి, మెల్‌బోర్న్‌లో కొత్తది కొనవద్దు, స్ట్రిప్పులు సరిపడా తెచ్చుకోమనండి. ఏ కారణంగానైనా మెల్‌బోర్న్ క్లినిక్‌లో పరీక్ష చేయిస్తే ఆ కాగితం మీది అంకెను 18తో గుణించి ఆవిడ పుస్తకంలో రాయండి, పక్కన అసలు అంకె, ప్రమాణం కూడా రాయండి. యాప్‌లో రక్తపు చక్కెర నమోదు చేసే చోటు ఉంటే దాని ప్రమాణం శక్తి ప్రమాణంతో పాటు మారదు, విడిగా ఉంటుంది, ఆవిడ విమానం ఎక్కకముందే అది సరిగా ఉందో లేదో చూసి పెట్టండి. మాత్రల మోతాదు గాని ఇన్సులిన్ గాని యాప్ అంకె చూసి మార్చవద్దు, అది ఆవిడ డాక్టరుగారు చెప్పాల్సిన మాట.